తెల్లబడ్డ ప్లగ్

తెనాలిలో ముప్పై ఏళ్లు స్కూటర్లు బాగుచేసిన పరంధామయ్యకి అమెరికాలోని ఫార్మింగ్టన్ హిల్స్‌లో మూడు నెలలుగా చేతికి పని లేదు. డిష్‌వాషర్‌లో గిన్నెలు సర్దితే, కూతురు నమ్రత వాటిని తీసి మళ్లీ సర్దుకునేది. పనివాడికి అంతకంటే అవమానం ఏముంటుంది?

అందుకే అల్లుడు రఘు మంచు మీద నడిచే పాత స్నోమొబైల్ బండి ఒకటి కొనుక్కొచ్చి గరాజ్‌లో పెట్టగానే ఆయనకి ప్రాణం లేచొచ్చింది. రఘు కార్ల కంపెనీలో ఇంజన్‌కి పెట్రోలు ఎంత అందాలో కంప్యూటర్ మీద లెక్కగట్టే ఇంజనీరు. కార్బొరేటర్ విప్పిన పాపాన పోలేదు. ఈ బండికేమో పాత యజమాని సైలెన్సర్, ఫిల్టర్లు మార్చేశాడు. వాటికి తగ్గట్టు కార్బొరేటర్‌లో పెట్రోలు కొలిచి వదిలే చిల్లుల జెట్లు కూడా మార్చాలి.

"నాకొదిలెయ్యండి అల్లుడుగారూ," అన్నాడు పరంధామయ్య.

తెనాలిలో ఆయన్ని మైలేజీ పరంధామయ్య అనేవారు. లీటరుకి ఐదు కిలోమీటర్లు ఎక్కువ రప్పించిన చెయ్యి అది. హీటర్ పెట్టిన వెచ్చటి గరాజ్‌లో ఆ చెయ్యి అలవాటుకొద్దీ సన్నచిల్లు జెట్ల మీదికే పోయింది. ఇంజన్ హాయిగా మోగింది. రఘు తన స్నేహితుడు చక్రధర్‌కి ఫోన్ చేసి, "మా మామయ్యగారే సెట్ చేశారు, సూపర్‌గా ఉంది," అన్నాడు. ఆ మాటకి పరంధామయ్య ఆ పూట రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు.

శనివారం గడ్డకట్టిన సరస్సు మీద రఘు ఒక్కడే ఒక రౌండు కొట్టి వచ్చి ఇంజన్ ఆపాడు.

"రాకెట్‌లా పోతోంది మామయ్యగారూ. నమ్రతా, ఎక్కు. అవతలి ఒడ్డు దాకా వెళ్లొద్దాం."

పరంధామయ్య ఊరికే ఉండలేక ఇంజన్ స్పార్క్ ప్లగ్ ఊడదీశాడు. కాఫీపొడి రంగులో ఉండాల్సింది సున్నం పూసినట్టు ఉంది. ఆయనకి అప్పుడు తట్టింది. చల్లగాలి చిక్కన, దానికి పెట్రోలు ఎక్కువ కావాలి. తానేమో తగ్గించాడు. పెట్రోలు చాలక ఇంజన్ వేడెక్కిపోతోంది, బండి రాకెట్‌లా పోయేది అందుకే. ఇంకాస్త పోతే ఇంజన్ వేడికి బిగుసుకుపోయి ఆగిపోతుంది, ఆ వేగంలో ఇద్దరూ మంచు మీద పడతారు.

చలిగా ఉంది, ఇంటికి పోదాం అంటే సరిపోయేది. రేపు ఎవరూ చూడకుండా జెట్లు మార్చేసుకోవచ్చు. ఉన్న ఒక్క పరువూ దక్కుతుంది. ఆ ఆలోచన వచ్చినందుకే ఆయనకి సిగ్గేసింది.

"దిగమ్మా," అన్నాడు బండెక్కి కూర్చున్న కూతురితో. "అల్లుడుగారూ, తప్పు నాది. మైలేజీకి సెట్ చేశాను. ఈ చలికి ఎంత పెంచాలో నాకు తెలీదు. మీరు లెక్క కట్టండి."

రఘు ప్లగ్ వంక చూశాడు. ఫోన్‌లో టెంపరేచర్ చూసి లెక్కగట్టాడు. "త్రీ సైజెస్ పెద్దది వేద్దాం." కార్‌లోంచి జెట్ల డబ్బా తెచ్చాడు. కొంకర్లు పోయిన వేళ్లతో పరంధామయ్య బిగిస్తుంటే తనే టార్చి పట్టాడు.

ఈసారి ఇంజన్ మోతలో ఆ చురుకు లేదు. రఘు దూరం దాకా పోయి వచ్చి, తనే ప్లగ్ విప్పి మామగారి చేతిలో పెట్టాడు.

"మీరు చూసి ఓకే అంటేనే నమ్రతని ఎక్కించుకుంటాను."

పరంధామయ్య దాన్ని వెలుగులో తిప్పి తిప్పి చూశాడు. కాఫీపొడి రంగు. అయినా తల ఊపలేదు.

"ఇంకో రౌండు ఒక్కరే కొట్టి రండి. అప్పుడు చెప్తాను."

రఘు మళ్లీ బండెక్కాడు.