పదిహేను కాదు, పన్నెండు

పేపరు కప్పులో కాఫీ చల్లారి మీగడ కట్టింది.

ఆమె ఒక్క గుక్కైనా తాగలేదు.

కంప్యూటర్ తెర మీద ఒకే ఒక్క లైను... దాని ముందు రెండు గీతలు. ఈ లైనును లెక్కలోకి తీసుకోవద్దు అని గుర్తు.

ఆ గీతలు పెట్టింది తనే. మూడు నెలల కిందట — ఏదో సరిచూసుకోవడానికి, ఒక్క గంట కోసం. మళ్లీ తియ్యడం మరిచిపోయింది.

తీసింది. లెక్క నడిపింది.

నక్షత్రం వ్యాసార్థం పదిహేను కిలోమీటర్ల నుంచి పన్నెండుకు పడిపోయింది.

మళ్లీ నడిపింది.

పన్నెండే.

మండడం అయిపోయి కుంచించుకుపోయిన, ఒక ఊరంత నక్షత్రం. సూర్యుణ్ణి మించిన బరువు. ఆ బరువు దగ్గర వెలుగు కూడా తిన్నగా నడవలేదు — వంగుతుంది. నక్షత్రం అవతలి వైపు నుంచి బయల్దేరిన వెలుగు సైతం వంపు తిరిగి మన కంట పడుతుంది. అందుకే అది ఉన్నదానికన్నా పెద్దగా కనిపిస్తుంది.

ఆ వంపును సరిచేసే లైనే ఇది.

పది గంటలకు, తన పరిశోధన నడిపించే మాస్టారి ఉపన్యాసం. ఈ జాతిలో ఇంత పెద్ద నక్షత్రాన్ని ఇంతవరకు ఎవరూ చూడలేదని చెప్పబోతున్నారు. తొమ్మిదేళ్లుగా దాన్నే చూస్తున్నారు. వచ్చే నెల రిటైరవుతారు.

తొమ్మిది నలభై.

నోరు మెదపకపోతే చాలు. ఏడాదికో, రెండేళ్లకో ఎవరో పట్టుకుంటారు. అప్పుడు పోయేది ఆయన పరువు... తనది కాదు.

లిఫ్టు రాలేదు. నాలుగంతస్తులూ మెట్ల మీద పరుగెత్తింది.

వేదిక వెనక గదిలో మాస్టారు చొక్కాకి మైకు తగిలించుకుంటున్నారు.

"ఏమ్మా, మొహం అలా పాలిపోయిందేంటి?"

"నక్షత్రం పదిహేను కాదండీ... పన్నెండు. వంపు సరిచేసే లైను నేనే ఆపేశాను. మళ్లీ పెట్టలేదు."

ఆయన కళ్లజోడు తీశారు. తుడిచారు. పెట్టుకున్నారు. మళ్లీ తీశారు.

"రెండుసార్లు చూశావా?"

"చూశానండీ."

"అయితే పద. టైమైంది."

తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

హాలు కిక్కిరిసింది. వెనక గోడకు ఆనుకుని కూడా జనం. మొదటి బొమ్మ పడింది. తెర నిండా — పదిహేను.

మాస్టారు దాన్నే చూస్తూ ఉండిపోయారు. ఎవరో దగ్గారు. మూడో వరసలో ఆమె కుర్చీ అంచుకు జరిగింది.

"ఈ అంకె తప్పు," అన్నారాయన. "అసలు సైజు పన్నెండు. అంటే ఇది అన్నిటిలాంటి నక్షత్రమే. మా లెక్కలో పొరపాటు జరిగింది. దాన్ని ఇప్పుడే పట్టుకున్నది... అదిగో, మా ల్యాబు అమ్మాయి. లేచి నిలబడమ్మా."

తలలన్నీ తిరిగాయి.

ఆమె లేచింది.

ఒకరు చప్పట్లు కొట్టారు. ఆ వెనక పదిమంది. ఆ వెనక హాలంతా.

పొరపాటు ఎవరిదో ఆయన చెప్పలేదు. చెప్పరు. చాల్లే, ఇక కూర్చో అన్నట్టు ఆయన చెయ్యి చిన్నగా కదిలింది.

కూర్చోవచ్చు.

కూర్చోలేదు.

ఆమె చెయ్యి చాచి ప్రశ్నల కోసం పక్క వరసలో పెట్టిన మైకు అందుకుంది. చప్పట్లు సన్నగిల్లాయి... ఆగిపోయాయి.

"ఆ పొరపాటు చేసింది కూడా నేనేనండీ."

ఎక్కడో కుర్చీ కిర్రుమంది.

మాస్టారు వేదిక అంచుదాకా వచ్చి నిలబడ్డారు. ఆయన మొహంలో ఏముందో ఆమె వెతికింది.

కనిపించలేదు — వెనకంతా తెర వెలుగు.