ల్యాంపు నంబరు 212

ముప్పై ఒక్క ఏళ్లు గని ల్యాంపు రూములో పనిచేసిన యిర్మియాకు మనుషుల పేర్లు గుర్తుండవు, నంబర్లు గుర్తుంటాయి. గనిలోకి దిగే ప్రతి మనిషీ తన ఇత్తడి బిళ్ల కిటికీలో ఇస్తే, ఆ నంబరు దీపం తీసిచ్చేవాడు. షిఫ్టు దిగి దీపం అప్పజెప్పాక బిళ్ల వాపసిచ్చి, "జర ఆగు కాకా" అంటూ తన పాత కెమెరాతో ఫోటో తీసేవాడు. డ్యూటీ ఎక్కేటప్పుడు అందరికీ తొందరే, తీరిక దిగాకే కదా! అందుకని నాలుగొందల ఫోటోల్లోనూ మొహాలన్నీ బొగ్గు నలుపే. కళ్లు, పళ్లు, టోపీ మీద అదే ల్యాంపు నంబరు తప్ప ఇంకేమీ కనబడవు. ఏం ఫోటోగ్రాఫరో, ఏమో!

2008లో రిటైరయ్యాడు. ఆదివారంలోగా క్వార్టరు ఖాళీ చేయాలి. పెద్దపల్లిలో కిరాయికి దొరికినవి రెండే గదులు. ఫోటోల రేకుపెట్టె చూసి భార్య సుగుణమణి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"అందరి మొఖాలు ఒక్కతీరుగనే ఉన్నయి. ఎవరెవరో నీకే తెల్వది. గివి మోసుకపోయి ఏం జేస్తవు? పొయ్యిల బెట్టు, పెట్టె బియ్యానికి పనికొస్తది."

యిర్మియా ప్రాణం ఉసూరుమంది. కానీ ఆమె అన్నదాంట్లో అబద్ధమేముంది?

నెట్ సెంటర్లో పనిచేసే కూతురు కెరోలిన్ తండ్రి మొహం చూసి జాలిపడింది. "ఫికర్ జెయ్యకు డాడీ. ఫోటోలు పెట్టుకునే సైటున్నది. కొన్ని ఎక్కిస్త, పట్టుకరా."

"మన బొగ్గు మొఖాలు ఎవడు చూస్తడు బిడ్డా, పనిలేకనా?" అన్నాడు గానీ, నలభై ఫోటోలు రుమాలులో చుట్టుకుని వెంట నడిచాడు.

"కింద పేరేం రాయాలె?"

"పేర్లు యాదికి లేవు. ల్యాంపు నంబరు రాయి. ఎనభై ఏడు. మూడొందల నలభై. రెండొందల పన్నెండు..."

"ఖైదీల లిస్టు లెక్కున్నది డాడీ!" అని కెరోలిన్ పడీపడీ నవ్వింది.

మర్నాడు పదకొండు మంది చూశారు. "ఎవరా పదకొండు మంది?" అని యిర్మియా కూతుర్ని చంపుకుతిన్నాడు. మూడోనాడు బెల్లంపల్లి నుంచి ఎవరో రాశారు: "340 మా బావ కొమురెల్లి!" అంతే, ఇక యిర్మియాని ఆపేదెవరు? షటరు తీయకముందే వెళ్లి మెట్ల మీద కూర్చునేవాడు. ఆ సైటులో ఎక్కడిదో మంచుకొండ, ఎవరి ఇంట్లోదో పుట్టినరోజు, అన్నీ చూశాడు. లోకమంతా తనలాగే పెట్టెలు విప్పుకుని కూర్చుందన్నమాట! సుగుణమణి మాత్రం మెత్తబడలేదు.

శనివారం పొద్దున కెరోలిన్ స్క్రీన్ చూస్తూ నవ్వడం మానేసింది. మెల్లగా చదివింది.

"సార్, నా పేరు మమత. మాది కాసిపేట. నాకు రెండేండ్లప్పుడు మా నాయిన జ్వరమొచ్చి చనిపోయిండు. ఇంట్ల ఒక్క ఫోటో లేదు. ఆయన బిళ్ల ఒక్కటే మా అమ్మ సారవ్వ దాచింది. దాని మీద 212 ఉన్నది. మొఖమే కనవడ్తలేదు, ఎట్ల నమ్మాలె అనుకున్న. అమ్మను తీస్కొచ్చి చూపెట్టిన. చూసుడుతోనే ఏడ్చింది. 'డ్యూటీ దిగి రోజూ గిట్లనే వచ్చేటోడు, గిదే నవ్వు' అన్నది. మా నాయిన పేరు సదయ్య. ఫోటో కింద రాయండి సార్."

యిర్మియా నలుగురిలో ఉన్నానన్న సిగ్గు కూడా లేకుండా ఏడ్చాడు. ఆ ఉత్తరం ప్రింటు తీయించుకుని ఇంటికి పరుగెత్తి, గిన్నెలు మూట కడుతున్న సుగుణమణికి చదివి వినిపించాడు.

ఆమె చేతిలో గిన్నె పక్కన పెట్టి రేకుపెట్టె దగ్గరికి వెళ్లింది. ఒక ఫోటో తీసి వెలుతుర్లో పట్టుకుని చాలాసేపు చూసింది.

"గీయిన లింగమూర్తి గదా. నవ్వితే గిట్లనే ఒక కన్ను మూస్తడు. మల్లక్క పెనిమిటి." ఇంకోటి తీసింది. "గీయిన బిక్షం. మన గల్లీలకెల్లే పోయేటోడు."

యిర్మియా నోరు తెరిచాడు. "ఒక్కతీరుగనే ఉన్నయన్నవు గదనే?"

"నేను సక్కగ చూసిన్నా ఎన్నడన్న?" ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుని మూట మీద కూలబడింది. "ముప్పై ఏండ్లు గీ మొఖాలే గదా మన వాకిట్లకెల్లి పోయింది. పెన్ను తియ్యి. వెనక పేర్లు రాయి. ముందుగాల సదయ్య."