మనోడి బండి

సోమవారం ఉదయానికల్లా ఇవన్నీ అయిపోవాలి.

పాత షాకబ్జర్లు దింపాలి. ముందు స్ప్రింగుల మీద ఇనుప దిమ్మలు కూర్చోబెట్టాలి. వెనక పొడవాటి స్ప్రింగులు ఎక్కించాలి. బండి లేచాక బ్రేకు పైపులు బిగుసుకుపోకుండా వాటి క్లిప్పులు కిందికి జరపాలి. హెడ్‌లైట్లు ఆకాశంలోకి చూడకుండా సరిచెయ్యాలి. బండి కడగాలి. ఆఫీసరు ముందు నిలబడటానికి ఒక చొక్కా ఇస్త్రీ చేయించాలి. బావ టీ తాగొస్తానని వెళ్ళి కబుర్లలో పడకుండా కాపలా కాయాలి.

తమ్ముడు ఈ పనులన్నీ దారి పొడవునా నోట్లో వల్లె వేసుకుంటూ ఆదివారం పొద్దున్నే బావ షెడ్డు ముందు బండి ఆపాడు. షెడ్డు యజమాని భార్యకి తమ్ముడు కాబట్టి అక్కడ అతను అందరికీ తమ్ముడే. మీసాలు నెరిసిన లారీ డ్రైవర్లు కూడా "ఏం తమ్ముడూ, బాగున్నావా?" అనే పలకరిస్తారు.

అతనిది పాత ఎస్‌యూవీ. ఎవరెవరి దగ్గరో అరిగి చివరికి అతని చేతికొచ్చింది. వారంలో కొన్ని రోజులు ఆసుపత్రి నర్సమ్మని, మందుల పెట్టెల్ని కొండ మీది ఇళ్ళకి చేర్చడం అతని పని. ఇంట్లో పొయ్యి వెలిగేది ఆ పనితోనే. మొన్నటి వానలకి కొండదారి మీద మట్టి కొట్టుకుపోయి రాళ్ళు పైకి తేలాయి. కిందటి వారం బండి పొట్ట ఒక రాయికి గీరుకుపోతే నర్సమ్మ సీట్లోంచి ఎగిరిపడింది. విషయం ఆసుపత్రి ఆఫీసరు దాకా వెళ్ళింది. ఆయన కోప్పడలేదు. "బండి ఎత్తు పెంచుకునిరా. సోమవారం చూస్తాను. కుదరదంటే చెప్పు, ఆ కొత్త బండి ఆయన సిద్ధంగా ఉన్నాడు" అన్నాడు.

కొత్త బండి ఆయన నిజంగానే సిద్ధంగా ఉన్నాడు. రోజూ ఆసుపత్రి గేటు ఎదురుగానే నిలబడి బండి తుడుచుకుంటున్నాడు.

"బావా, సాయంత్రానికి అయిపోవాలి" అన్నాడు తమ్ముడు, బండి దిగీ దిగకముందే.

"అవుతుందిలేవోయ్. గుర్రంలా నిలబెడతాను చూడు."

"గుర్రం వద్దు బావా. ఆ రాళ్ళ మీద గాడిదలా నడిస్తే చాలు."

"దానికి నువ్వున్నావుగా" అన్నాడు బావ, చేతులకి పాత గుడ్డ చుట్టుకుంటూ.

బావ షెడ్డులో ఒక పద్ధతి ఉంది. ఎవరి బండి వచ్చినా ముందు జాకీ మీదికి ఎత్తి, ఓనర్ని పిలుస్తాడు. చక్రం పైన ఒక చెయ్యి, కింద ఒక చెయ్యి వేసి గట్టిగా ఊపమంటాడు. లోపల కీళ్ళు అరిగి ఉంటే ఆ వదులు ఓనరు చేతికే తెలుస్తుంది. "నేను చెబితే డబ్బు గుంజడానికి చెప్పానంటారు. మీ చెయ్యే చెబితే ఎవర్ని తిట్టుకుంటారు?" అంటాడు. ఓనరు చెయ్యి పడకుండా ఏ బండికీ పానా పెట్టిన మనిషి కాదు.

ఆ రోజు పెట్టాడు.

"నన్ను కూడా ఊపమంటావా బావా?" అని తమ్ముడు మాటవరసకి అడిగాడు. బావ నొచ్చుకున్నట్టు చూశాడు. "నీకూ నాకూ మధ్య ఆ పరీక్షలేంటోయ్? పరాయివాడివా?"

ఆ మాటకి తమ్ముడి గుండె తేలికపడింది. అలా తేలికపడటానికి కారణమేంటో అతని మనసుకి తెలుసు. కొన్ని నెలలుగా ఎడమవైపు ముందు చక్రం దగ్గర, గుంతలో దిగి మలుపు తిప్పినప్పుడల్లా "కటక్" అని ఒక చప్పుడు వస్తోంది. ఆ చప్పుడు ఏం అడుగుతోందో అతనికి తెలుసు. కొత్త భాగాలు అడుగుతోంది. అవి ఇప్పుడు వేయించుకుంటూ కూర్చుంటే సోమవారానికి బండి లేవదు. చప్పుడు వచ్చినప్పుడల్లా పాటల సౌండు కాస్త పెంచడం అలవాటు చేసుకున్నాడు. ఇప్పుడు బావ చక్రం కూడా ఊపక్కర్లేదన్నాడు.

పని జోరుగా సాగింది. తుప్పు పట్టిన నట్టు ఒకటి మొండికేస్తే ఇద్దరూ చెరోవైపు వేలాడి దాన్ని లొంగదీశారు. స్ప్రింగుల్ని నొక్కి పట్టి దింపేటప్పుడు బావ తమ్ముణ్ణి దూరంగా నిలబెట్టాడు. పాత షాకబ్జర్లని చేత్తో నొక్కితే లోపలికి వెళ్ళినవి మళ్ళీ బయటికి రాలేదు. "ఇవి ఎప్పుడో పోయాయి. నువ్వే దినం పెట్టలేదు" అన్నాడు బావ. ఇనుప దిమ్మలు స్ప్రింగుల నెత్తిన టోపీల్లా కూర్చున్నాయి. మధ్యాహ్నం భోజనాల వేళ దాటాక నాలుగు చక్రాలూ బిగించి, బండిని నేల మీదికి దించి, ఇద్దరూ వెనక్కి నడిచి చూశారు.

బండి ఎంత ఎత్తుగా ఉందంటే తమ్ముడికి తన బండేనా అనిపించింది. కిందికి వంగి చూస్తే అటువైపు వీధి కనిపిస్తోంది.

"నర్సమ్మ ఎక్కడానికి నిచ్చెన కావాలేమో బావా."

"నువ్వే వంగుని మెట్టుగా ఉండు. ఉద్యోగం నిలబడుతుంది."

ఇద్దరూ పగలబడి నవ్వుతుండగా అక్క వచ్చింది. షెడ్డు ముందు భాగంలో విడిభాగాల కౌంటరు ఆమెది. పొద్దున్నే ఆడపడుచు ఇంట్లో పనుండి వెళ్ళింది. సంచీ కౌంటరు మీద పెట్టి, బండిని ఒకసారి ఈ చివర నుంచి ఆ చివర దాకా చూసింది.

"బాగుందిరా. చక్రం ఊపావా?"

తమ్ముడు చొక్కా గుండీ సవరించుకున్నాడు.

"నిన్నేరా! ఏవండీ, వీడి చేత ఊపించారా?"

బావ అప్పటికే తళతళలాడుతున్న పానాని ఇంకా శ్రద్ధగా తుడవసాగాడు. "మనోడే కదే..."

"మనోడి బండైతే చక్రం ఊడదా?"

"అక్కా, ఇంత కష్టపడి దించాం. మళ్ళీ జాకీ ఎక్కించమంటే..."

"ఎక్కించు. ఊరందరికీ ఒక లెక్క, నా తమ్ముడికొక లెక్కా? వాళ్ళవే ప్రాణాలూ, నీది మాత్రం తోటకూర కట్టా?"

ఆమెతో వాదించి గెలిచినవాళ్ళు ఆ వీధిలో లేరు. బావ నోరెత్తకుండా జాకీ తోశాడు. ఎడమ చక్రం గాల్లోకి లేచింది. తమ్ముడు మోకాళ్ళ మీద కూర్చుని పైన ఒక చెయ్యి, కింద ఒక చెయ్యి వేశాడు. ఏమీ ఉండకూడదు దేవుడా అనుకుంటూ ఊపాడు.

టక్.

మళ్ళీ ఊపాడు. టక్. ఊడబోయే పన్నుని నాలుకతో కదిలించినట్టుంది చేతికి. చక్రం అతని వైపు ఒరిగి, మళ్ళీ లోపలికి వెళ్ళింది. బావ వచ్చి తనూ ఒకసారి ఊపి చూశాడు. ఆయన ముఖంలో నవ్వు కొడిగట్టింది.

"చక్రం విప్పు" అన్నాడు.

చక్రాన్ని మోసే కింది ఇనుప చెయ్యి చివర, గిన్నెలో గోళీలా తిరిగే కీలు ఒకటి ఉంటుంది. బాల్ జాయింట్. బండి ఎత్తు పెంచేసరికి ఆ చెయ్యి మునుపటికంటే కిందికి వాలింది. ముందే అరిగిన గోళీ ఇప్పుడు గిన్నె అంచుని పట్టుకుని వేలాడుతోంది. దాన్ని విడదీద్దామని బావ పెద్ద సుత్తి పక్కన పెట్టుకుని, ముందు వదులు ఎంతుందో చూద్దామని ఇనుప కడ్డీ దూర్చి కాస్త ఎత్తాడు. సుత్తి ఎత్తే పనే లేకపోయింది. గోళీ గిన్నెలోంచి తనంతట తాను ఊడి బయటికొచ్చింది. లోపల గ్రీజు లేదు. తుప్పు పొడి రాలింది.



కొండదారిలో ఒక మలుపు ఉంది. అక్కడ ఎడమవైపు గోడ లేదు, కింద లోయే. నర్సమ్మ ఎప్పుడూ ఎడమవైపు ముందు సీట్లోనే, ఒళ్ళో మందుల పెట్టె పెట్టుకుని కూర్చుంటుంది.  తమ్ముడు పక్కనున్న పాత టైరు మీద కూలబడ్డాడు.  అక్క మంచినీళ్ళు తెచ్చిచ్చింది. సగం నీళ్ళు తాగాక, ఎక్కణ్ణుంచి వచ్చిందో నవ్వు వచ్చింది. ఆపుకోలేని నవ్వు.

"ఇక్కడే ఊడింది బావా" అన్నాడు, కళ్ళు తుడుచుకుంటూ. "ఇక్కడే ఊడింది! జాకీ మీద!"

"అవునురా. ఇక్కడే." బావ కూడా నేల మీదే చతికిలబడ్డాడు. కాసేపటికి తల వంచుకుని, "నువ్వు పొద్దున షెడ్డులోకి తిప్పుతున్నప్పుడే ఆ చప్పుడు విన్నాను. అడిగితే బావమరిది దగ్గర కూడా బేరం పెడుతున్నాడని అనుకుంటావేమోనని..." అన్నాడు.

"నాకూ తెలుసు బావా. నెలల నుంచి తెలుసు. పాటలు పెట్టుకుని తిరుగుతున్నాను."

"బాగుంది" అంది అక్క. "ఒకళ్ళకొకళ్ళు మర్యాదలు చేసుకుంటూ, మధ్యలో నర్సమ్మని లోయలో దింపేవాళ్ళన్న మాట."

రెండో చక్రం కూడా ఊపించింది. అక్కడ బాల్ జాయింటు కొంచెం నయం గానీ, స్టీరింగుని చక్రానికి కలిపే కడ్డీ చివర్లు రెండువైపులా పోయాయి. అక్క కౌంటరంతా వెతికింది. ఆ మోడలుకి సరిపోయేవి లేవు. పెద్ద దుకాణానికి ఫోన్ చేస్తే మంగళవారం గానీ రావన్నారు.

మంగళవారం! ఆఫీసరు చూస్తానన్నది సోమవారం.

"ఆయన ఎత్తే కదా చూసేది" అన్నాడు బావ, తన మాట తనకే నచ్చనట్టుగా. "పాత జాయింటే మళ్ళీ ఎక్కించి, మెల్లగా నడుపుకుంటూ వెళ్ళి చూపించి, మెల్లగా వచ్చేస్తే..."

 అక్క తమ్ముడి వైపు చూసింది. ఈసారి చెప్పాల్సింది తనేనని అతనికి అర్థమైంది. ఆఫీసరు చూసి బాగుందంటే అక్కడితో అయిపోదు. సరే, పెట్టెలు ఎక్కించుకుని బయల్దేరు అంటాడు. అప్పుడు కాదనడానికి నోరు రాదు.

ఫోన్ తీసి నర్సమ్మకి చేశాడు. ఆవిడ తిడుతుందనుకున్నాడు. కనీసం విసుక్కుంటుందనుకున్నాడు. జరిగిందంతా ఒక్క ఊపిరిలో చెప్పి ఆగాడు.

"అమ్మయ్య" అంది నర్సమ్మ.

"అదేంటమ్మా?"

"ఆ కటక్ కటక్ ఎప్పుడు ఆగుతుందా అని ఎన్నాళ్ళుగా చూస్తున్నాననుకున్నావు బాబూ! అది వచ్చినప్పుడల్లా నువ్వు పాటలు పెంచేవాడివి, నేను కళ్ళు మూసుకుని దండం పెట్టుకునేదాన్ని. నేను ఆ పాటలకి మైమరచిపోతున్నానని నువ్వు అనుకునేవాడివి."

"మరి ఒక్కసారైనా చెప్పలేదేంటమ్మా?"

"నీ బండిని నువ్వు అంత మురిపెంగా చూసుకుంటావు. ఏమని చెప్పను? నొచ్చుకుంటావని ఊరుకున్నాను."

తమ్ముడు ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని అక్క వైపు చూశాడు. పక్కనే నిలబడి అంతా విన్న ఆమె నుదురు కొట్టుకుంది. "ఇంకో మర్యాదస్తురాలు" అంది.

నర్సమ్మ ఆఫీసరుతో మాట్లాడతానంది. మాట్లాడింది కూడా. సోమవారం ఉదయం తమ్ముడు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, బండి లేకుండా బస్సులో ఆసుపత్రికి వెళ్ళి ఆఫీసరు ముందు నిలబడ్డాడు. ముందు కీళ్ళు పోయాయని, రేపు గానీ భాగాలు రావని, ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆయన విని, "ఈ వారానికి కొత్త బండి వెళుతుంది. నీది తయారయ్యాక తీసుకురా, అప్పుడు ఆలోచిద్దాం" అన్నాడు. అప్పుడు ఆలోచిద్దామంటే ఏంటో తమ్ముడికి తెలుసు. గేటు బయట కొత్త బండి ఆయన నర్సమ్మకి తలుపు తీసి పట్టుకుని నిలబడ్డాడు. బండి మెరుపులో ముఖం చూసుకోవచ్చు. తమ్ముడు తిరిగి బస్సెక్కి, దారంతా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. పని పోతే ఇంట్లో ఏం చెప్పాలా అని మాటలు వెతుక్కున్నాడు. అయినా, సరిగ్గా అదే వేళకి తను నర్సమ్మతో ఆ మలుపు దగ్గరికి చేరేవాడినని గుర్తొచ్చినప్పుడల్లా ఊపిరి తిన్నగా ఆడింది.

మంగళవారం భాగాలు వచ్చాయి. బావ ఈసారి ప్రతి భాగమూ ముందు తమ్ముడి చేతిలో పెట్టి, పాతదీ కొత్తదీ రెండూ తిప్పి చూడమని, ఆ తర్వాతే బిగించాడు. బిగించాక చక్రం ఊపించాడు. కొండని ఊపినట్టుంది. చివరికి చక్రాల అలైన్‌మెంటు చేయించి, స్టీరింగు వదిలేస్తే కూడా బండి గీత గీసినట్టు తిన్నగా వెళ్ళడం చూశాకే షెడ్డుకి తిరిగొచ్చారు.

అప్పుడే ఫోన్ మోగింది. ఆఫీసరు.

"నీ బండి సిద్ధమేనా?"

"సిద్ధమేనండీ. ఇప్పుడే అయింది."

"అయితే రేపు పొద్దున్నే తీసుకురా. ఆ కొత్త బండి ఆయన ఇక రానంటున్నాడు. నిన్న ఒక్కరోజుకే బండికి గీతలు పడ్డాయట. ఆ రాళ్ళ దారికి నా బండిని చచ్చినా పంపనని తాళాలు జేబులో వేసుకుని వెళ్ళిపోయాడు."

తమ్ముడు ఫోన్ పెట్టేసి బావని గట్టిగా వాటేసుకున్నాడు. బావ చేతుల గ్రీజంతా నిన్నటి ఇస్త్రీ చొక్కాకి అంటుకుంది. "ఒరేయ్, రేపు ఆఫీసరు ముందుకి దాంతోనే వెళ్తావా?" అని అక్క కేకలేసింది గానీ, ఆ కేకలో కోపం లేదు.

మర్నాడు ఆఫీసరు బండి కింద ఎత్తు చూసుకుని తలూపాడు. కొండదారిలో రాళ్ళు బండి పొట్ట కిందుగా జారిపోయాయి. గోడ లేని మలుపు వచ్చింది. తమ్ముడి చెయ్యి అలవాటుగా పాటల మీట దగ్గరికి వెళ్ళి, ఆగిపోయింది. వినడానికి టైర్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. పక్కకి చూస్తే నర్సమ్మ కళ్ళు మూసుకుని ఉంది. దండం పెట్టుకోవడం లేదు. మందుల పెట్టె మీద తల ఆనించి హాయిగా నిద్రపోతోంది.

మీరూ ఎప్పుడో ఒకప్పుడు మీ మనిషి బండి ఎక్కుతారు. ఏదో చప్పుడు వినిపిస్తుంది. అడిగితే నొచ్చుకుంటాడేమోనని నోటిదాకా వచ్చిన మాట మింగబోతారు. ఆ క్షణంలో, సంచీ కౌంటరు మీద పెట్టగానే "చక్రం ఊపావా?" అని అడిగిన ఆ అక్కని ఒక్కసారి గుర్తు చేసుకోండి.