భీమమ్మ ఏరిన తొక్కలు

మూడో మంచం కింద పడ్డ సంత్ర తొక్కలను భీమమ్మ ఒక్కొక్కటే ఏరి కొంగులో వేసుకుంది. గద్వాలలో ఆ చిన్న దవాఖాన ఆడవాళ్ల వార్డుకు ఆమె ఆయా. పద్దెనిమిదేళ్లుగా ఊడ్చేదీ తుడిచేదీ, లేవలేనివాళ్లను లేపి కూర్చోబెట్టేదీ ఆమే. చలికాలం చూడవచ్చే చుట్టాలు సంత్రలే, అదే కమలాపండ్లే, తెస్తారు కదా. పండు రోగి తిననీ, తెచ్చినవాళ్లే తిననీ, తొక్క మాత్రం భీమమ్మదే.

నడుము కాస్త వంగింది. ఫినాయిలు నీళ్లకు వేళ్లు ఒరుసుకుపోయాయి. గోళ్ల మొదళ్లలో పసుపు పూసినట్టు ఎప్పుడూ ఒక రంగు. అది తొక్కల రంగు. ఇంటి మిద్దె మీద వాటిని గలగలలాడేదాకా ఎండబెట్టి తిరగలిలో విసురుతుంది. పెసరపిండిలో కలిపి బాలింతలకు నలుగుపిండి పొట్లాలు కట్టి ఇస్తుంది. దగ్గుతో మెలికలు తిరిగేవాళ్లకు అల్లంతో మరిగించి ఇంత కషాయం ఇస్తుంది. పచ్చి తొక్కకు ఉప్పద్ది రుద్దితే ఎంత నల్లబడ్డ ఇత్తడి చెంబైనా తళతళలాడాల్సిందే. ఇక ఎండువి చీరల మడతల్లో కొన్ని, సాయంత్రం దోమల పొగకు వేపాకుతో కొన్ని.

"ఇన్ని గుణాలున్నదాన్ని పారేస్తరా? చేతులెట్ల వస్తయే మీకు?" అని అందరినీ గదమాయించేది. చివరికి డాక్టరమ్మ కూడా తను తిన్న పండు తొక్క కాగితంలో చుట్టి తెచ్చి ఇచ్చేది.

మూడో మంచం తిరుపతమ్మది. అయిజ దగ్గర పల్లె. షుగరుతో కాలు నల్లబడి కుళ్లింది. కర్నూలు తీసుకుపోతే, ఆపరేషనుకు ముసలి గుండె ఓర్చుకోదని పంపించేశారు. పక్క మంచాలవాళ్లు గోడవైపు తిరిగి పడుకుంటున్నారు, వాసన అలాంటిది మరి. భీమమ్మ తొక్కలు మరిగించిన నీళ్లతో ఆ మంచం చుట్టూ రోజుకు మూడుసార్లు తుడుస్తోంది. కోడలు జయశ్రీకి ఐదో నెల. అత్తను చూద్దామని గడపదాకా వస్తుంది, డోకు తన్నుకొస్తుంది, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని బయటికి పరుగు. మూడు రోజులుగా ఇదే.

"కోడలికి నేనంటే రోతైంది భీమమ్మా," అంది తిరుపతమ్మ. "గామె కడుపు మీద ఒక్కసారి చెయ్యి పెట్టి పోతే చాలు. ఇంకేం అడుగ."

"రోత గాదక్కా, వేవిళ్లు. నువ్వు కడుపుతోనున్నప్పుడు మీ అత్తను జూస్తె డోకు రాలేదా?"

"మా అత్తను జూస్తే ఉత్తగ గూడ వస్తుండె."

ఇద్దరూ నవ్వారు. నవ్వుతూనే ముసలామె కాలిమీదికి దుప్పటి లాక్కుంది.

భీమమ్మ నవ్వు అక్కడే ఆగిపోయింది. ఇరవై ఏళ్ల కింద ఆమె మొగుడు వెంకటన్న కాలి మీద బండ పడి ఇట్లాగే చీము పట్టింది. అప్పుడామె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, గడపవతలే నిలబడి గంజి గిన్నెను కట్టెతో ముందుకు తోసింది. ఆయన గొంగడి లాగి కాలు కప్పుకున్నాడు, అంతే. రెండోనాటికి పోయాడు. ఆ వాసన ఎట్లా ఉండేదో ఆమెకిప్పుడు గుర్తులేదు. గొంగడి లాక్కోవడం మాత్రం మరుపురాలేదు. ఆనాటినుంచి ఎవరి దగ్గరా భీమమ్మ కొంగు ముక్కుదాకా పోలేదు.

పనంతా అట్లాగే వదిలేసి బయట వరండాలోకి నడిచింది. కాయిన్ బాక్స్ ఫోను పక్కన బల్ల మీద జయశ్రీ కూర్చుని ఉంది. భీమమ్మ కొంగులోంచి పచ్చి తొక్క ఒకటి తీసి ఆమె చేతిలో పెట్టింది.

"దీన్ని మడిచి ముక్కుకాడ పిండు బిడ్డా, డోకు అణుగుతది. కొంగు మాత్రం అడ్డం పెట్టకు. గామె చూస్తది."

"నాకు భయమైతుంది పెద్దమ్మా. అత్త ముందరనే కక్కితే?"

"కక్కితే నేనెత్తుత. నా పనే గది."

జయశ్రీ గడప దాటింది. తొక్కను మడిచి నొక్కింది. కిటికీ ఎండలో సన్నటి తుంపర లేచింది. ఒక అడుగు, మళ్లీ నొక్కడం, ఇంకో అడుగు. మంచం దగ్గరికి వచ్చి వంగింది. తిరుపతమ్మ అరచేతిని కోడలి కడుపు మీద ఆనించింది. చాలాసేపు లోపల ఏ కదలికా లేదు.

"పండుకున్నట్టుంది," అని చెయ్యి తీయబోయింది.

"జరంత ఆగత్తా."

అప్పుడు కదిలింది. ముసలామె అరచెయ్యి ఇంకాస్త ఒత్తి పెట్టింది. తొక్కను ముక్కు దగ్గర పెట్టుకోవడం జయశ్రీ మరిచేపోయింది. ఆ మంచం మీదే, దుప్పటి జారిన ఆ కాలి పక్కనే కూర్చుని, మధ్యాహ్నమంతా అత్త చెయ్యి అక్కడే ఉండనిచ్చింది. కొడుకు నాగేశ్ అన్నం డబ్బా తెచ్చి చూసి, మళ్లీ బయటికెళ్లి కళ్లు తుడుచుకున్నాడు.

పొద్దు వాలుతుండగా జయశ్రీ నాలుగు మెతుకులు తినడానికి వరండాలోకి లేచింది. భీమమ్మ గ్లాసులో నీళ్లు తీసుకుని మూడో మంచం దగ్గరికొచ్చింది. తిరుపతమ్మ అరచెయ్యి దుప్పటి మీద వెల్లకిలా ఉంది. కప్పుకోని కాలు అట్లాగే బయట ఉంది. ఊపిరి లేదు.

కొడుకూ కోడలూ శవాన్ని ఊరికి తీసుకుపోయాక భీమమ్మ పక్కబట్టలు తీసింది. దుప్పటి దులిపితే జయశ్రీ మరిచిపోయిన తొక్క కింద పడింది. వంగి తీసుకుంది. కొంగు తెరిచింది. మళ్లీ ఏమనుకుందో, కొంగు మూసేసి దాన్ని కిటికీ గట్టు మీద పెట్టి బకెట్టు అందుకుంది.

ఆ తొక్క మీద నాలుగు గోటి గంట్లు. వాటిలో తడి ఇంకా ఆరలేదు.