ముఖం తప్ప

చక్రాల కుర్చీలో కూర్చున్న ముసలాయన మరీ అంతగా నవ్వుతున్నాడని ఆమె ఆ ఫోటోను పక్కన పెట్టేసింది. తర్వాతి ఫోటోలో ఒక ముసలావిడ, వెనకాల నర్సు, ఇద్దరికీ కలిపి నోట్లో పట్టనన్ని పళ్ళు. అదీ పక్కకు పోయింది. ఆ తర్వాతి దాంట్లో ఎవరూ నవ్వడం లేదు. బతికించారనుకుని కింద చిన్న అక్షరాలు చదివితే, సొంతానికి వాడుకుంటే ఉచితం, వ్యాపారానికి కాదు అని ఉంది. ఆమె కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, మళ్ళీ మొదటినుంచి వెతకడం మొదలుపెట్టింది.

ఆఫీసంటే రెండు గదులు. ఒకప్పుడు అది ప్రింటింగ్ ప్రెస్సు. మిషన్లు నిలబడిన చోట సిమెంటు నేల ఇంకా గుంటలు పడే ఉంది, ముసురు పట్టిన రోజున గోడల్లోంచి సిరా వాసన వస్తుంది. అప్పట్లో ఆమె విజిటింగ్ కార్డుల మీదకి బొమ్మలు కత్తిరించి అతికించేది. ప్రెస్సు పెద్దాయన పోయాక ఆయన కొడుకు, ఇప్పటి ఓనరు, మిషన్లు అమ్మేసి, చిన్న చిన్న షాపులకి ఇంటర్నెట్‌లో పేజీలు తయారుచేసే వ్యాపారం పెట్టాడు. టేబులూ, గోడగడియారమూ, ఆమే పాత వ్యాపారం నుంచి కొత్తదానికి అలాగే వచ్చేశారు. ముగ్గురిలో గడియారానికి మాత్రం కొత్త బ్యాటరీ వేశారు.

ఆమె పని బొమ్మలు వెతకడం. తాళాలు చేసే ఆయనకి తాళం బొమ్మ, పరుపుల షాపుకి పరుపు బొమ్మ. వినడానికి ఇంతే. కానీ మంచి ఫోటో కొనాలంటే షాపువాళ్ళు నోరెళ్ళబెడతారు. పేజీకి డబ్బులిచ్చాం కదా, బొమ్మలకి వేరేనా అంటారు. ఉచితంగా దొరికేవాటికి సవాలక్ష షరతులు. ఒకదానికి తీసినవాళ్ళ పేరు వెయ్యాలి, ఒకదాన్ని కత్తిరించకూడదు, ఇంకోదాంట్లో మనిషి ఉన్నాడు గానీ ఆ మనిషి ఒప్పుకున్నాడో లేదో ఎక్కడా రాసి ఉండదు. పోనీ అన్నీ సరిగ్గా ఉన్నది దొరికిందనుకుంటే, అదే ఫోటో లోకమంతా తిరుగుతూ ఉంటుంది. నెరిసిన జుట్టాయన ఒకడున్నాడు. అతను ఒక పేజీలో వకీలు, ఇంకో పేజీలో ఇళ్ళు కట్టే మేస్త్రీ, వేరొకచోట మొలల మందు వాడి కోలుకున్న రోగి. ఆమెకి అతను చుట్టంలా అయిపోయాడు.

అడ్డదారి కూడా ఒకసారి తొక్కారు. ఓనరు ఎక్కడినుంచో ఒక దిండు ఫోటో తీసుకుని పరుపుల షాపు పేజీలో పెట్టాడు. దిండే కదా, ఎవరు చూస్తారనుకున్నాడు. చూశారు. ఎక్కడో దూరదేశంలో ఉన్న ఫోటోల కంపెనీ నోటీసు పంపింది. దానికి జవాబు రాసిందీ, బతిమాలిందీ, చివరికి సగానికి బేరం తెగేలా మాట్లాడిందీ ఆమే. ఆ దెబ్బకి ఓనరు దిండు మీద తల పెట్టి పడుకోవడానికి కూడా భయపడ్డాడని ఇంట్లో చెప్పి నవ్వించింది.

అప్పటినుంచే ఆమె తన ఫోనుతో ఫోటోలు తీయడం మొదలైంది. టీ కొట్టు పేజీలో ఉన్నవి ఆమె వంటింటి కప్పులు. బూట్లు కుట్టే ఆయన పేజీలో ఉన్నవి, బస్సు డిపోలో మెకానిక్ అయిన ఆమె భర్త బూట్లు. ఇక మనిషి కావలసివచ్చినప్పుడల్లా అత్తగారే. వాచీలు బాగుచేసే షాపులో వాచీ పెట్టుకున్న చెయ్యి అత్తగారిది. వెడల్పు పాదాలకి చెప్పులమ్మే షాపులో కాళ్ళు ఆవిడవే. మొన్న చెవిమిషన్ల షాపుకి చెవి కూడా ఇచ్చింది.

అయితే ఊరికే ఇవ్వదు. డబ్బులు అడగదు గానీ, ముందు తనని అడగాలంటుంది. ఏ షాపు, ఎందుకు, పక్కన ఏం రాస్తారు, అన్నీ కనుక్కుని గానీ ఒప్పుకోలు కాగితం మీద సంతకం పెట్టదు. తాకట్టు వ్యాపారి పేజీకి గాజుల చెయ్యి కావాలంటే పొమ్మంది. ముఖం మాత్రం ఎవరడిగినా ఇవ్వనని మొదటిరోజే చెప్పేసింది.

"అక్కా, ఒకసారి ఇటు రండి," అని ఓనరు లోపలి గదిలోంచి పిలిచాడు. వయసులో చిన్నవాడు, మంచివాడే, ఎప్పుడూ ఎవరో తరుముతున్నట్టు మాట్లాడతాడు. అతని కంప్యూటర్లో, ఇళ్ళకి మనుషుల్ని పంపి పెద్దవాళ్ళని చూసుకునే కంపెనీ కోసం తయారుచేస్తున్న పేజీ తెరిచి ఉంది. పొద్దుటినుంచీ ఆమె వెతుకుతున్నది దానికే. ఆ పేజీ మీద, నిండుగా, అత్తగారి ముఖం.

కిటికీ వైపు తిరిగి ఉంది ఆవిడ. సగం ముఖం వెలుగులో, సగం నీడలో. నవ్వడం లేదు. ఎవరి కోసమూ ఏ భావమూ పెట్టుకోకుండా బయటికి చూస్తోంది.

ఆమెకి చెవులు వేడెక్కాయి. "ఇది మీకెలా వచ్చింది సార్?"

"మీ ఫోన్లోంచే. చెవి ఫోటోలతో పాటు ఆఫీసు కంప్యూటర్లోకి వచ్చేసింది. వాళ్ళకి పంపించాను. ఇన్నాళ్ళూ ఏది చూపించినా పెదవి విరిచినవాళ్ళు దీనికి ఒక్క వంక పెట్టలేదు. రేపు పొద్దున పేజీ తెరుస్తామన్నారు."

"అడగకుండా పంపించేశారా?"

"ఇప్పుడు అడుగుదాం. మధ్యాహ్నం ఇంటికెళ్తారు కదా, సంతకం పెట్టించుకుని వచ్చేయండి."

"ముఖం ఇవ్వదు సార్ ఆవిడ."

"మీ అత్తగారే కదక్కా. మన మీద కేసు వేస్తారా ఏంటి? వాళ్ళకి ఇంకా చాలా పనుంది. ఇది నచ్చితే అంతా మనకే ఇస్తారు." అతను గది నలుమూలలూ ఒకసారి చూశాడు. అద్దె గురించి అతను అలాగే మాట్లాడతాడు.

"అడుగుతాను. ఆవిడ ఏమంటే అదే," అంది ఆమె.

ఇల్లు రెండు వీధుల అవతల, టైర్ల షాపు పైన. అత్తగారు కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని, కింద ట్యూబుకి పంక్చర్ వేయడం చూస్తోంది. కాళ్ళు వాచి, నరాలు తేలి, గట్టిగా కట్టిన గుడ్డపట్టీల్లో ఉన్నాయి. ఆ కాళ్ళని అలా చేసింది బట్టల షాపు. భర్త పోయాక కొడుకుని పెంచడానికి ఆవిడ పెద్ద బట్టల షాపులో చేరి, జుట్టు తెల్లబడేదాకా తువ్వాళ్ళూ దుప్పట్లూ అమ్మింది. కూర్చోవడానికి వీల్లేదు. నవ్వు చెరగడానికి అసలే వీల్లేదు. యజమాని అద్దాల గదిలోంచి చూస్తూ, ఎవరి నవ్వు తగ్గితే వాళ్ళని లోపలికి పిలిపించేవాడట.

భోజనం పెట్టి, కోడలు ఎదురుగా కూర్చుంది. ఇవాళ మామూలుగా అడగలేకపోతోందని ఆవిడే కనిపెట్టింది.

"ఏ షాపు?" అంది.

"షాపు కాదు అత్తయ్యా. ఇళ్ళకొచ్చి పెద్దవాళ్ళని చూసుకుంటారు, ఆ కంపెనీ."

"ఏం కావాలంట? చెయ్యా, కాలా?"

"ముఖం."

కోడలు ఫోన్లో ఆ ఫోటో తెరిచి చూపించింది. అత్తగారు ఫోను అందుకుని, చెయ్యి బారజాపి దూరంగా పెట్టి, చాలాసేపు చూసుకుంది.

"బాగానే ఉన్నానే."

"చాలా బాగున్నారు. చెవి ఫోటో తీసిన రోజున మీరు కిటికీ వైపు తిరిగారు, ముఖం పడింది. అప్పుడే తీసెయ్యాల్సింది. మనసొప్పలేదు."

"వీళ్ళు నన్ను చూసుకుంటున్నారా?"

"లేదు."

"నాకు నీళ్ళు పోసేదెవరు?"

"నేను."

"ఈ పట్టీలు కట్టేది?"

"నేనే అత్తయ్యా."

"మరి నేను పోయి వాళ్ళ గుమ్మంలో నిలబడి, నన్ను వీళ్ళే చూసుకుంటున్నారని నలుగురికీ చెప్పాలా? నీ చాకిరీ తీసుకెళ్ళి వాళ్ళ ఖాతాలో వెయ్యాలా?"

పెళ్ళయి ఇన్నేళ్ళలో ఆ చాకిరీ గురించి అత్తగారు మెచ్చుకుని ఎరగదు. కూరలో ఉప్పు గురించి మాత్రం రోజూ ఏదో ఒకటి అనేది.

"ఇంకొకళ్ళ సరుకు కోసం ముఖం పెట్టుకుని నిలబడింది చాలమ్మాయ్," అంది అత్తగారు. "ఇప్పుడు ఇది నాది. ఇవ్వను. మీ సారుకి కోపమొస్తుందా?"

"వస్తుంది."

"రానీ. అది తీసెయ్. నేను చూస్తుండగా తీసెయ్."

కోడలి వేలు ఒక్క క్షణం ఆగింది. అంత మంచి ఫోటో ఆమె ఇంకెప్పుడూ తీయలేదు. తర్వాత నొక్కింది. అత్తగారు మెడ సాచి, పోయిందో లేదో చూసుకుని గానీ ఫోను వదల్లేదు.

"నిన్ను ఉత్తచేతులతో పంపిస్తానా. ఆ తువ్వాలు ఇటు తే."

ఆవిడ ఒళ్ళో తువ్వాలు పరుచుకుంది. అంచులు లోపలికి వేసి, అరచేతి పక్కతో ఒక్కసారి రాసి, తిప్పి, ఇంకో మడత వేసింది. మోకాళ్ళు వంగని మనిషికి ఆ వేళ్ళు మాత్రం ఇంకా షాపులోనే ఉన్నట్టున్నాయి. తువ్వాలు పలకలా తయారైంది. కోడలు చేతుల్ని ఫోటో తీసింది. "చేతులకేం, ఎవరివో ఎవరికి తెలుసు," అని ఆవిడ కాగితం మీద గుండ్రటి అక్షరాలతో సంతకం పెట్టింది. కోడలు మెట్లు దిగుతుంటే, "ఉప్పు తగ్గింది ఇవాళ," అని వెనకనుంచి కేకేసింది.

ఓనరు చేతుల ఫోటో చూశాడు. "ఇదీ బాగుందక్కా. కానీ ముఖం ముఖమే."

"ఆవిడ వద్దంది."

"మీరే ఆ కాగితం మీద ఒక గీత గీసేస్తే?"

"గీస్తే నన్ను ఇంట్లోకి రానివ్వదు."

అతను నవ్వాడు. ఆమె నవ్వలేదు. కొంచెం జరగమని చెప్పి, అతని కుర్చీ పక్కన నిలబడే, పేజీలోంచి ఒకటి, ఫోటోలు దాచిన చోటినుంచి ఒకటి, రెండుచోట్లా ఆ ముఖాన్ని చెరిపేసింది. ఇన్నేళ్ళ కొలువులో ఆమె అతని కంప్యూటర్ని తుడవడానికి తప్ప ముట్టుకోలేదు.

"వాళ్ళ దగ్గర ఒకటుంది," అన్నాడతను, ముఖం ఎర్రబడి.

"తీసెయ్యమని చెప్పండి."

"నేను చెప్పను. ఈ పని పోతే ఇద్దరం రోడ్డున పడతాం, తెలుసా?"

"తెలుసు," అని ఆమె తన టేబులు దగ్గరికి వెళ్ళిపోయింది. తాళాలాయన తన షాపుకి తాళం బొమ్మ వద్దు, తెరిచిన తలుపు బొమ్మ కావాలన్నాడు. సాయంత్రం దాకా ఆమె తలుపులు వెతికింది.

ఇంటికి వచ్చేసరికి అత్తగారు కుర్చీలోనే ఉంది. తల కిటికీ చట్రానికి ఆనించి ఉంది. నీళ్ళగ్లాసు పెట్టింది పెట్టినట్టే ఉంది. నిద్రపోతోందనుకుని కోడలు చెప్పులు చప్పుడు కాకుండా విప్పింది. పట్టీలు సర్దుదామని వంగి కాలు పట్టుకుంటే చల్లగా తగిలింది. ఆమె కాసేపు అలాగే, ఆ కాలు పట్టుకునే నేలమీద కూర్చుంది. తర్వాత పట్టీ ముడి సరిచేసింది. అప్పుడు ఏడ్చింది.

భర్త డిపో నుంచి పరిగెత్తుకుంటూ వచ్చాడు. వచ్చి తల్లి పక్కన కూలబడ్డాడు. రేపు రాలేనని ఆమె ఫోన్ చేస్తే ఓనరు కూడా వచ్చాడు. గుమ్మంలోనే ఆగిపోయి, అత్తగారి చేతుల వైపు చూస్తూ నిలబడ్డాడు. అతను చేసిన పేజీల్లో సగం ఆ చేతులే. అతని కళ్ళు నిజంగానే తడిశాయి.

అయినా కాసేపటికి ఆమెను వసారాలోకి పిలిచి, గొంతు తగ్గించి చెప్పాడు. "ఈ టైములో అనకూడదక్కా. వాళ్ళు మళ్ళీ ఫోన్ చేస్తే ఆవిడ పోయిందని చెప్పాను. ఇప్పుడైతే కొడుకు సంతకం చాలంటున్నారు. ఆవిడ గుర్తుగా కూడా ఉంటుంది."

లోపల్నుంచి భర్త విన్నాడు. "అమ్మ ఫోటో ఉందా?" అన్నాడు, ఆశగా. షాపు గుర్తింపు కార్డు మీది బలవంతపు నవ్వు తప్ప ఆ ఇంట్లో తల్లి ముఖం ఇంకెక్కడా లేదు.

"ఉండేది," అంది ఆమె. "తీసెయ్యమంది. మధ్యాహ్నమే, ఆవిడ చూస్తుండగా తీసేశాను. ఇప్పుడు ఆ కంపెనీ దగ్గరొక్కటే ఉంది. కావాలంటే మీరు సంతకం పెట్టి తెచ్చుకోవచ్చు."

అతను తల్లి వైపు చూశాడు. చూస్తూనే తల అడ్డంగా ఊపాడు. "వద్దంటే వద్దంతే. అమ్మ సంగతి నాకు తెలీదా."

ఆమె ఓనరు వైపు తిరిగింది. గొంతు పెంచలేదు. "వద్దని చెప్పి పోయింది సార్ ఆవిడ. మనిషి పోయినంత మాత్రాన వద్దన్నది అవునైపోదు. ఇప్పుడే ఫోన్ చెయ్యండి. రేపు పొద్దున ఆ పేజీలో మా అత్తగారి ముఖం కనబడితే నోటీసు నేనే పంపుతాను. మీకూ, వాళ్ళకీ. దిండు నోటీసు చదివిందాన్ని, ఎలా రాస్తారో నాకు బాగా తెలుసు."

అతను ఫోను తీసుకుని మెట్లు దిగాడు. కింద టైర్ల మధ్య నిలబడి అతను మాట్లాడటం, బతిమాలడం, మళ్ళీ మాట్లాడటం పైకి వినిపించింది. తిరిగి వచ్చేటప్పటికి అతనికి చెమటలు పట్టి ఉన్నాయి.

"తీసేశారక్కా. దగ్గరుండి తీయించాను. చేతులు పెట్టుకుంటామంటున్నారు."

"పెట్టుకోమనండి. దానికి సంతకముంది."

చీకటి పడేసరికి అత్తగారిని కుర్చీలోంచి లేపి తీసుకెళ్ళారు. మెట్ల మీద జాగ్రత్త, జాగ్రత్త అంటూ కోడలు వెంటే దిగింది. పైన గదిలో, కుర్చీ చేతి మీద, ఒక్క అంచూ బయటికి కనబడకుండా మడిచిన తువ్వాలు, కొనడానికి వచ్చినవాళ్ళకి చూపిస్తున్నట్టు గుమ్మం వైపు తిరిగి ఉంది.