డెస్ డిస్కు మీద చోటు

డెస్ క్లైనిగ్‌కి ఇద్దరు పిల్లలు, ఒక కుక్క, ఒక డిస్కు. ప్రేమ మాత్రం డిస్కు మీదే. అడిలైడ్‌లో మా విశ్వవిద్యాలయం కంప్యూటర్ కేంద్రంలో సిస్టమ్ బాధ్యతంతా అతనిది. మెయిన్‌ఫ్రేమ్ అనే మా పెద్ద మెషీన్‌ని నడిపించే ఆపరేటింగ్ సిస్టమూ, అందరూ వాడుకునే ప్రోగ్రాములూ ఆ డిస్కు మీదే ఉంటాయి. కొత్తగా దాని మీదికి ఏది ఎక్కాలన్నా డెస్ చెయ్యి పడాలి. అది అంత తేలిగ్గా పడదు. ఎప్పుడో ఒక ప్రొఫెసర్ మాట నమ్మి ఆయన రాసిన ప్రోగ్రాం ఎక్కిస్తే పరీక్ష ఫలితాలన్నీ గల్లంతయ్యాయట. అప్పటినుంచి ఎవరు బతిమాలినా, ఎవరు కేకు తెచ్చిపెట్టినా ఒకటే సమాధానం.

“నా డిస్కు ధర్మసత్రం కాదు.”

ఆ డిస్కు మీద నాకు చోటు కావాలి. నా పేరు యూనా ట్రెవాస్కిస్, అదే కేంద్రంలో ప్రోగ్రామర్ని. మా తాతలు మూంటా గనుల్లో రాగి తవ్వారు. నా మొండితనం అక్కడినుంచే వచ్చిందని మా అమ్మ అంటుంది. ముక్కు మీది కోపం మాత్రం నా సొంతం.

గొడవంతా విన్సమ్ హార్‌గ్రేవ్ వల్ల మొదలైంది. విన్సమ్ మొదటి ఏడాది పిల్లలకి ప్రోగ్రామింగ్ చెప్పే లెక్చరర్, నా స్నేహితురాలు. ముసలి ఫోర్ట్రాన్ భాష మానేసి పాస్కల్ నేర్పుతానని పట్టుబట్టింది. మా మెషీన్‌కి పాస్కల్ అంటే ఏమిటో తెలియదు. మనం రాసినదాన్ని మెషీన్ భాషలోకి మార్చిపెట్టే కంపైలర్ ఉంటే తప్ప ఏ భాషా దానికి తెలియదు. ఐరోపా నుంచి ఒక కంపైలర్ టేపు వచ్చింది కానీ, అది వేరే రకం మెషీన్ కోసం రాసింది. సగానికి సగం తిరగరాయాలి.

“నేను రాస్తాను” అన్నాను టీ గదిలో. ఎవరూ అడగకముందే అన్నాను.

శీతాకాలం పోయింది, క్రికెట్ వచ్చింది, ఎండలు ముదిరాయి. నేను రాస్తూనే ఉన్నాను. చివరికి కోర్సుల కమిటీ వాళ్ళు గడువు పెట్టారు. శుక్రవారం సాయంత్రానికి పాస్కల్ డెస్ డిస్కు మీద ఉంటే సోమవారం క్లాసు పాస్కల్‌లో. లేకపోతే ఫోర్ట్రాన్‌లోనే, ఇక ఆ ఊసెత్తకూడదు. అంటే నా ఏడాది కష్టం సొరుగులోకి.

డెస్ ఒక పరీక్ష పెట్టాడు. అది న్యాయమైన పరీక్షేనని నేనూ ఒప్పుకోవాలి. నా కంపైలర్ పాస్కల్‌లోనే రాసింది కాబట్టి, తనని తానే మెషీన్ భాషలోకి మార్చుకోగలదు. మొట్టమొదటిదాన్ని ఒక మోటు పనిముట్టుతో ఎలాగో తయారుచేశాను. దానికి తల్లి అని పేరు పెట్టుకున్నాం. తల్లి చేత నా కంపైలర్‌ని మళ్ళీ తయారుచేయిస్తే వచ్చేది కూతురు. కూతురి చేత అదే పని చేయిస్తే వచ్చేది మనవరాలు. తల్లి పోలిక ఎలా ఉన్నా ఫరవాలేదు. కూతురూ మనవరాలూ మాత్రం అక్షరం తేడా లేకుండా ఒకే అచ్చు అవ్వాలి. తేడా ఉందంటే, ముగ్గురిలో ఎవరో ఒకరు అబద్ధం చెబుతున్నారన్నమాట.

శుక్రవారం ఊరంతా పొయ్యిలా ఉంది. కేంద్రంలో చల్లగా ఉండేది మెషీన్ రూమ్ ఒక్కటే కాబట్టి, పని ఉన్నవాళ్ళూ లేనివాళ్ళూ అక్కడే తచ్చాడుతున్నారు. భోజనాలయ్యాక ఆపరేటర్ రోకో ప్రింటర్ దగ్గరనుంచి అరిచాడు.

“యూనా! మనవరాలు పుట్టింది! తల్లీబిడ్డా క్షేమం!”

అందరూ చప్పట్లు కొట్టారు. డెస్ కొట్టలేదు. రెంటినీ పోల్చి చూసే ప్రోగ్రాం నడిపించి, వచ్చిన కాగితం బల్ల మీద పరిచి, పెన్సిల్ తీశాడు. తేడాలు కొన్ని ఉన్నాయి. అవి ఉంటాయని నేను ముందే చెప్పాను. నా కంపైలర్ తాను తయారుచేసిన ప్రతిదాని నెత్తిన తారీఖూ టైమూ ముద్రిస్తుంది. ముచ్చటపడి నేనే పెట్టాను.

“ఇది టైమ్. ఇదీ టైమే. తారీఖు. టైమ్. టైమ్...” డెస్ టిక్కులు పెట్టుకుంటూ కిందిదాకా వెళ్ళాడు. పెన్సిల్ చెవిలో దోపుకున్నాడు. “సరే అమ్మాయ్. టైమ్ తేడాని నేను తేడా అనను. నేనేం రాక్షసుణ్ణి కాదు.”

పాస్కల్‌ని ఎక్కించడానికి కన్సోల్ ముందు కూర్చుని చేతులు రుద్దుకున్నాడు. విన్సమ్ అప్పుడే ఎండలోంచి వచ్చి తలుపు దగ్గర నిలబడి, నా వైపు చూసి రెండు బొటనవేళ్ళూ ఎత్తింది.

నేను మాత్రం కాగితం చూస్తున్నాను. టైమ్ ఎప్పుడూ నెత్తిన ఉండాలి. డెస్ టిక్కుపెట్టిన వరుసల్లో ఒకటి నెత్తిన లేదు. ఎక్కడో నడుమలో ఉంది. ఒక్క అక్షరం. కూతురిలో “E”, మనవరాలిలో ఖాళీ.

నా కంపైలర్ ఇల్లంతా నాకు కళ్ళు మూసుకున్నా తెలుసు, కాబట్టి అది నా కళ్ళకే ఆనింది. నోరు మూసుకుంటే చాలు, ఇంకాసేపట్లో డిస్కు మీద ఉంటాం. ఒళ్ళు మండిపోయింది. ఎవరిని తిట్టాలో తెలియక ఆ “E”నే తిట్టాను. కానీ సోమవారం నుంచి జీవితంలో మొదటి ప్రోగ్రాం రాసే పిల్లలు దీని ముందు కూర్చుంటారు. జవాబు తప్పొస్తే వాళ్ళు కంపైలర్‌ని అనుమానించరు. తమకే బుర్ర లేదనుకుంటారు. నేను నేర్చుకునే రోజుల్లో అలాగే అనుకుని రెండుసార్లు మానేయబోయాను.

“డెస్, ఆగు. ఎక్కించకు.”

“ఏంటి?”

“ఒకటి టైమ్ కాదు. చూడు.”

డెస్ వచ్చి చూశాడు, కళ్ళజోడు తీసి మళ్ళీ పెట్టుకుని చూశాడు. “నేను ఒప్పుకుంటే నువ్వు అడ్డం తిరుగుతున్నావేంటే! నా సర్వీసులో ఇలాంటి విడ్డూరం చూళ్ళేదు.”

రోకో నవ్వాడు. విన్సమ్ మాత్రం నవ్వలేదు. “ఒక్క అక్షరం కోసం నా కోర్సు ముంచుతావా యూనా? నడుస్తోందా లేదా అది?”

“నడుస్తోంది. ఎప్పటిదాకా నడుస్తుందో తెలీదు.”

“తర్వాత సరిచేసుకోవచ్చుగా! వచ్చేవారం చూసుకో!”

“వచ్చేవారం నీ పిల్లలు దాని మీద ఏడుస్తుంటారు. అప్పుడు నా దగ్గరికే కదా వచ్చి అరుస్తావ్?”

“ఇప్పుడే అరుస్తున్నా కదా!” అని తలుపు ధడాలున వేసి తన గదికి పోయింది. ఎంతైనా స్నేహితురాలు, ఆ తలుపు చప్పుడు నా గుండెల్లో తగిలింది.

కూర్చుని ఆలోచించాను. “E” ఉన్న చోటు చిన్నచిన్న మాటలు దాచుకునే పెట్టె. పెట్టెకి పదక్షరాల చోటు. చిన్న మాట పెడితే మిగతాది ఖాళీగా ఉండాలి. ఈ “E” తొమ్మిదో చోట కూర్చుని ఉంది. పాస్కల్ తన కోసం అట్టిపెట్టుకున్న మాటల్లో తొమ్మిదక్షరాలది ఒక్కటే, “ప్రొసీజర్” (PROCEDURE). దాని చివరి అక్షరం “E”. అంటే అంతకుముందు ఆ పెట్టెలో “ప్రొసీజర్” ఉండేది. నేను దాన్ని ఖాళీ చేయకుండా పైన చిన్న మాట పెట్టాను. కడగని టిఫిన్ డబ్బాలో కొత్త కూర వేసినట్టు! తల్లి పనిచేసేటప్పుడు డబ్బాలో ఎంగిలి ఉంది, కూతురు పనిచేసేటప్పుడు అదృష్టం కొద్దీ లేదు. అంతే తేడా.

అంతే కాదు కూడా. రెండు మాటలు ఒకటేనా కాదా అని చూసేటప్పుడు ఆ ఎంగిలి కూడా లెక్కలోకి వస్తుంది. అంటే ఒకే ప్రోగ్రాం పొద్దున ఒక జవాబు, మధ్యాహ్నం ఇంకో జవాబు చెబుతుంది. దాన్ని ఏ విద్యార్థీ పట్టుకోగలిగేవాడు కాదు. బహుశా నేనూ పట్టుకోలేకపోయేదాన్ని.

“దొరికింది డెస్! డబ్బా కడగలేదు!”

“ఏ డబ్బా?”

చెప్పాను. డెస్ ముఖం పాలిపోయింది. అతనికి పరీక్ష ఫలితాలు గుర్తొచ్చి ఉంటాయి. “అది నా డిస్కెక్కేది” అన్నాడు గొణుగుతూ. “నేను టిక్కు కూడా పెట్టాను.”

పెట్టెని ముందు తుడిచే ఒక్క వరుసని రంధ్రాలుగా కార్డు మీద కొట్టాను. నా ప్రోగ్రాం కార్డుల కట్టలో దాని చోట దూర్చాను. ఆ కోపంలోనే ఇంకో పని కూడా చేశాను. తారీఖూ టైమూ ముద్రించే కార్డులు పీకి పారేశాను. ఈసారి ఏ తేడాకీ దాక్కునే చోటుండకూడదు.

“మెషీన్ క్యూలో ముందు ఎవరున్నారు?” రోకోని అడిగాడు డెస్.

“ఫిజిక్స్ వాళ్ళ పెద్ద పని. సాయంత్రం దాకా తింటుంది.”

“ఆపు దాన్ని.”

రోకో నోరు తెరిచాడు. ఫిజిక్స్ వాళ్ళని ఆపడమంటే కందిరీగల తుట్టెలో చెయ్యి పెట్టడమే. “బాసూ, వాళ్ళు నా పీక పిసుకుతారు.”

“నా పీక చూపించు. లావుగా ఉంటుంది, పిసకడానికి టైమ్ పడుతుంది. ఈలోగా మనపని అయిపోద్ది.”

తల్లి మళ్ళీ తయారైంది. తల్లి చేత కూతురు. కూతురి చేత మనవరాలు. ఫిజిక్స్ నుంచి ఫోన్ మోగుతూనే ఉంది, రోకో దాని మీద కుషన్ పెట్టాడు. పోల్చే ప్రోగ్రాంని డెస్ నడిపించబోయి ఆగి, నా వైపు చూశాడు. నేనే నడిపించాను. ప్రింటర్ కాగితాన్ని ఒక్క జరుపు జరిపి ఊరుకుంది. పాడైందనుకుని నా పైప్రాణాలు పైనే పోయాయి.

రోకో కాగితం చింపి తెచ్చాడు. పైన శీర్షిక. కింద ఒకే ఒక్క వరుస: తేడాలు లేవు. ఆ కింద ఇంత పొడుగున తెల్లకాగితం.

నేను చదివాను, డెస్ చదివాడు, రోకో పైకి చదివాడు. ఆ తర్వాత మూంటా గనుల దాకా వినపడేలా ఒక కేక పెట్టాను. రోకో నన్ను పట్టుకుని టేపు డ్రైవుల మధ్య గిరగిరా తిప్పాడు. మెషీన్ రూమ్‌లో పరుగెత్తకూడదని గోడ మీద రాసి ఉంది. దాన్ని రాసినవాడే పక్కన నిలబడి నవ్వుతున్నాడు.

“ఊఁ, కానీ” అన్నాడు డెస్. కన్సోల్ ముందు తన కుర్చీ వెనక్కి లాగి పట్టుకున్నాడు. “కూర్చో. నీ పిల్లని నువ్వే ఎక్కించు.”

ఆ కుర్చీలో అతను తప్ప ఇంకొకరు కూర్చోగా నేనెప్పుడూ చూడలేదు. కూర్చున్నాను. ఎక్కించే ఆజ్ఞ రెండుసార్లు తప్పు కొట్టాను. మూడోసారి సరిగ్గా కొట్టాను. సిస్టమ్ సరేనంది. ఫోర్ట్రాన్ పక్కన, కోబాల్ పక్కన, వాటితో సమానంగా పాస్కల్ అన్న పేరు వచ్చి కూర్చుంది.

“మొదటి ప్రోగ్రాం నాది” అన్నాడు డెస్. “నా డిస్కు మీదున్న దేన్నైనా ముందు నేను రుచి చూడాలి.”

నా చేతిలోని పాస్కల్ పుస్తకం లాక్కుని, ఒకటి నుంచి పది దాకా కూడే నాలుగు వరుసలు రాశాడు. కార్డులు తనే కొట్టుకున్నాడు. కాసేపటికి వచ్చిన కాగితం చూసి అతని ముఖం ఎర్రగా కందిపోయింది.

“అమ్మాయ్! నీ కంపైలర్‌లో తప్పుంది!”

కాగితం అందుకోబోయాను. “ఏమంటోంది?”

“నేను లెక్కకి వాడిన I అంటే ఎవరో తెలీదంటోంది! I తెలీకపోవడమేంటి? నేను ఈ పనిలో చేరినప్పట్నుంచీ I అంటే పూర్ణసంఖ్యే! చంటిపిల్లలకి కూడా తెలుసు!”

నవ్వు ఆపుకోలేకపోయాను.

“అది ఫోర్ట్రాన్ ఇంట్లో డెస్. అక్కడ I అంటే చుట్టం, అడక్కుండా లోపలికొస్తాడు. ఇక్కడ ఎవరైనా సరే, నేను ఫలానా అని ముందు చెప్పుకోవాలి. పైన ఒక వరుస రాయి.”

“గుమ్మంలో నిలబెట్టి పేరడుగుతుందా?”

“అడుగుతుంది.”

“అందర్నీ?”

“అందర్నీ.”

“నాలాగే!” అన్నాడు డెస్. తర్వాత పైన ఒక వరుస రాసి, కార్డు కొట్టి, మళ్ళీ పంపాడు. యాభై అయిదు అని వచ్చింది. ఆ యాభై అయిదు తానే కనిపెట్టినట్టు చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఫోన్ మీది కుషన్ తీసి, అవతల అరుస్తున్న ఫిజిక్స్ ఆయన్ని “తర్వాత” అని పెట్టేసి, విన్సమ్ గదికి కలిపాడు.

“విన్సమ్, ఫోర్ట్రాన్ నోట్సు చెత్తబుట్టలో పడెయ్... ఆఁ, ఎక్కింది... ఎలా ఉందా? ఎలా ఉందేంటమ్మా, మొదటి వరుసలోనే నన్ను పట్టేసింది! నీ పిల్లలకి చెప్పు, తప్పొస్తే తప్పు వాళ్ళదే. కంపైలర్‌ది కాదు. ఆ మాట నేను చెప్పానని చెప్పు.”

అవతల విన్సమ్ కేక నాక్కూడా వినిపించింది. నేను ఏడుస్తున్నానని రోకో నాకు చేతిరుమాలు ఇచ్చేదాకా నాకే తెలియలేదు.