చాలదంటే లేదని కాదు

కళ్ళజోడు, మంచినీళ్ళ సీసా, నలగకుండా రెండు అట్టల మధ్య చెక్కు, చెక్కుతో పాటు బ్యాంకువాళ్ళిచ్చిన చీటీ, ఇంకేదో మరిచిపోయింది, సంచి సర్దిన ప్రతిసారీ ఆమెకి ఇదే దడ, ఊరి చివరి బ్యాంకుకే కదా, వెళ్ళి వచ్చేయడమే కదా, అనుకోగానే గుండె గతుక్కుమంది, కట్టుకున్నాయన అన్నదీ ఆ మాటే, వెళ్ళి వచ్చేయడమే కదా, రెండు చొక్కాలు చాలు, మూడోది తనే మడిచి పెట్టింది, ఎందుకు పెట్టిందో, పెట్టకపోతే వచ్చేవాడేమో, ఛ, ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ చొక్కా గొడవేనా, పొయ్యి కట్టేసిందా, కట్టేసింది, తాళం లాగి చూసింది, నాలుగు మెట్లు దిగి, మళ్ళీ ఎక్కి, మళ్ళీ లాగి చూసింది.

బస్సులో కిటికీ పక్కన చోటు దొరికింది, సంచి ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులూ దాని మీద వేసింది, పోయిన వారం తన బ్యాంకు అమ్మాయి ఫోన్ చేసి, పెద్దమ్మా, తిరిగొచ్చింది, అంది, ఆ ఒక్క ముక్కకే చేతిలో జిగురు గిన్నె జారిపోయింది, ఎవరమ్మా, ఎవరొచ్చారు, అని అడిగితే, ఎవరూ కాదు పెద్దమ్మా, మీ చెక్కు, అంది ఆ పిల్ల, బాగుంది, వెళ్ళిన మనిషి రాలేదు గానీ వెళ్ళిన చెక్కు మాత్రం బుద్ధిగా తిరిగొచ్చింది, పైగా జరిమానా అట, తప్పు వాడిది, వాత తనకి. చెక్కిచ్చింది ట్యుటోరియల్ నడిపే పెద్దమనిషి, ఎప్పుడడిగినా రేపంటాడు గనక బజారంతా రేపాయన అంటారు, ఆయనవి మూడొందల అరవై పుస్తకాలు, మడిచిన కాగితాల ఫారాలు ఒక్కొక్కటే సూదితో కుట్టి, అట్టలు వేసి, అంచులు కోసి ఇచ్చింది, పద్దెనిమిది వేలు, ఆర్నెల్ల గది అద్దెకి సరిగ్గా సరిపోతుంది, ఈ సాయంత్రంలోగా కట్టకపోతే గది ఖాళీ చెయ్యాలి, ఇంక నావల్ల కాదక్కా, అని గది యజమాని నెమ్మదిగా అన్నాడు, అరిచేవాడికి సర్ది చెప్పొచ్చు, నెమ్మదిగా అన్నవాడికి ఏం చెప్తాం, గది పోతే బైండింగు పని ఎక్కడ చేసుకోవడం, అదీ కాక, ఆయన వస్తే ఎక్కడికొస్తాడు, ఆయనకి తెలిసిన చిరునామా అదొక్కటే.

డబ్బు చేతిలో పడేదాకా పాత చెక్కు వదలకండి పెద్దమ్మా, చీటీ కూడా జాగ్రత్త, గడువు దాటకపోతే మళ్ళీ వెయ్యొచ్చు, గీత గీసిన చెక్కు కాదు గనక ఆయన బ్యాంకుకే వెళ్తే నగదు చేతికిస్తారు, అని ఆ బ్యాంకు పిల్ల మరీ మరీ చెప్పింది, అన్నట్టే నిన్న రేపాయన, ఆ పాతదిలా ఇవ్వండత్తయ్యా, చింపేసి రేపు కొత్తది రాస్తా, అన్నాడు, వరస కూడా కలిపాడు, అలాగే రేపు రాయి నాయనా, ఎల్లుండి చింపుదాం, అనేసి వచ్చింది, ఆ మాట తన నోట్లోంచే వచ్చిందా అని వీధి మలుపు దాకా అనుకుంటూనే నడిచింది. చీటీ మీద, ఖాతాలో సొమ్ము చాలదు, అని ఉంది, పదిసార్లు చదివింది, ఆమెకి చదువు ఎవరూ చెప్పలేదు, ఫారాలు వరసలో పెట్టడానికి అంకెలు పట్టుకుంది, అంకెల మీదుగా మాటలు, కుట్టిన పుస్తకమల్లా చదువుకుంటూ వచ్చింది, అందుకే మాటని వట్టినే పోనివ్వదు, పదకొండోసారి దగ్గర ఆగిపోయింది, లేదు అనలేదే, చాలదు అన్నారు, లేదు వేరు, చాలదు వేరు, చాలదంటే ఎంతో కొంత ఉన్నట్టే.

రేపాయన బ్యాంకులో బట్టతల గుమాస్తా చెక్కు చూసి, కంప్యూటర్లో చూసి, పాసవ్వదమ్మా, అన్నాడు, ఎంత తక్కువ బాబూ, ఒకరి ఖాతా సంగతి ఇంకొకరికి చెప్పకూడదమ్మా, చెప్పొద్దు నాయనా, నేనే అంటాను, మీరు ఊరికే వినండి, రెండు వేలా, ఆయన ఫ్యాను వైపు చూశాడు, వెయ్యా, కళ్ళజోడు తుడుచుకున్నాడు, పర్సులో కరెంటు బిల్లుకని ఉంచుకున్న ఆరొందలే ఉన్నాయి, అయిదొందలా, అంది, ఆయన సొమ్ము కట్టే స్లిప్పుల కట్ట ఆమె వైపు జరిపి, పెన్నుందా అమ్మా, అన్నాడు.

దొంగ చేతికి తాళాలిచ్చినట్టు కాదూ ఇది, వాడి ఖాతాలో తన డబ్బా, పోతే ఇవీ పోతాయి, పోనీ, చెక్కు మీద చూసి రేపాయన ఖాతా నంబరు ఒక్కో అంకె దించింది, అయిదు వందలు, అక్షరాలా అయిదు వందలు మాత్రమే, కింద తన సంతకం, గుమాస్తా ముద్ర వేశాడు, ఆ వెంటనే రెండో చేత్తో చెక్కు అందించింది, ఆయన కంప్యూటర్ వైపు చూస్తూ చూస్తూ నవ్వాపుకోలేక, ఇరవై ఏడేళ్ళ ఉద్యోగంలో అప్పిచ్చి మరీ బాకీ వసూలు చేసినవాళ్ళని చూళ్ళేదమ్మా, అన్నాడు, నోట్లు గరగరమని మిషన్లో తిరిగాయి, పద్దెనిమిది వేలు, ఆమె మళ్ళీ వేలితో లెక్కపెట్టింది, ఫారాలు లెక్కపెట్టినట్టే, ఒక్కటీ తప్పిపోలేదు, వెనక వరసలో ఎవరో కానీండమ్మా అని విసుక్కున్నారు, విసుక్కోనీ, ఈ రోజు ఆమె వంతు, నిదానంగా లెక్కపెడుతుంది, వాళ్ళే ఆగుతారు.

ఇంత డబ్బు, ఒక్కరే వెళ్తారా, మీవారు రాలేదా, అన్నాడు గుమాస్తా, ఊరెళ్ళారు, వచ్చేస్తారు, అన్న జవాబు అలవాటుగా నాలుక చివరికొచ్చి ఆగింది, ఎవరికి కడుతోంది ఈ అద్దె, ఆ గదిలో కుట్టింది ఎవరు, చదివింది ఎవరు, ఎదుటివాడి ఖాతాలో తన సొమ్ము పోసి మరీ గది నిలబెట్టుకుంది ఎవరు, ఎవరో వస్తారని కాదు, అది తన గది గనక, తను అందులో ఉంటుంది గనక, అంతే, రాలేదండీ, అంది మామూలు గొంతుతో, పంతొమ్మిదేళ్ళ కిందట ఒక మంగళవారం పొద్దున వెళ్ళారు, తిరిగి రాలేదు.